పాత కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దగా, బొమ్మ సాగినట్టు కనిపిస్తోందా? టెక్నీషియన్‌ని పిలిచే ముందు ఇవి చూసుకోండి!

ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌కి దుమ్ము దులిపి ఆన్ చేశారు. పిల్లాడికి ఆన్‌లైన్ మాక్ టెస్ట్ ఉంది. లేదంటే ఏదో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాలి. కంప్యూటర్ అయితే ఆన్ అయింది. కానీ ఐకాన్లు చూస్తే లడ్డూల్లా ఉన్నాయి. ఫొటోల్లో ముఖాలు అడ్డంగా సాగిపోయాయి. ఫామ్ మొత్తం నింపాక కింద ఉండాల్సిన సబ్మిట్ బటన్ ఎక్కడా కనిపించట్లేదు. లాస్ట్ డేట్ చూస్తే ఇవాళే!

ఇలాంటప్పుడు చాలామంది మానిటర్ పోయిందనుకుంటారు. కొందరు కొత్తది కొనడానికి కూడా రెడీ అయిపోతారు. నిజానికి చాలాసార్లు మానిటర్ బాగానే ఉంటుంది. తేడా వచ్చేది సెట్టింగ్‌లో, డ్రైవర్‌లో, లేదంటే వెనకాల ఉన్న కేబుల్‌లో. ఈ మూడూ ఇంట్లో కూర్చుని మనమే చూసుకోవచ్చు.

ముందు పని అవ్వాలి కదా.. సబ్మిట్ బటన్ ఇలా పట్టుకోండి

టైమ్ లేదంటే రిజల్యూషన్ సంగతి తర్వాత చూద్దాం. బ్రౌజర్‌లో కంట్రోల్ కీ పట్టుకుని మైనస్ కీ నొక్కుతూ పోండి. పేజీ 90, 80, 67, 50 శాతానికి చిన్నదవుతుంది. అక్షరాలు కాస్త మసకగా ఉంటాయి కానీ, బటన్ మాత్రం కనిపిస్తుంది. ఎఫ్11 నొక్కితే పైనున్న అడ్రస్ బార్, కిందున్న టాస్క్‌బార్ మాయమై ఇంకొంచెం చోటు దొరుకుతుంది. మళ్లీ ఎఫ్11 నొక్కితే మామూలుగా అయిపోతుంది. అప్పటికీ బటన్ కనిపించకపోతే చివరి బాక్స్‌లో క్లిక్ చేసి ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లండి. ఒక్కో నొక్కుకీ ఒక్కో బాక్స్, ఒక్కో బటన్ సెలెక్ట్ అవుతుంది, పేజీ కూడా దానంతటదే అటు జరుగుతుంది. ఎంటర్ కొట్టే ముందు అది సబ్మిట్ బటనేనా, క్యాన్సిల్ బటనా అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పని అయ్యాక కంట్రోల్‌తో పాటు సున్నా నొక్కితే పేజీ మళ్లీ 100 శాతానికి వస్తుంది.

అప్లికేషన్ వెళ్లిపోయింది కదా. ఇప్పుడు తీరిగ్గా అసలు రోగం చూద్దాం.

అసలు రిజల్యూషన్ అంటే ఏంటి?

స్క్రీన్ మీద బొమ్మంతా చిన్నచిన్న చుక్కలతో తయారవుతుంది. వీటినే పిక్సెల్స్ అంటారు. 1366×768 అంటే అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768 చుక్కలు. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ మానిటర్లలో ఈ చుక్కలు ఫ్యాక్టరీలోనే ఫిక్స్ అయిపోతాయి. ఆ సంఖ్యనే నేటివ్ రిజల్యూషన్ అంటారు. కంప్యూటర్ అంతకంటే తక్కువ చుక్కలు పంపితే మానిటర్ వాటినే సాగదీసి స్క్రీన్ అంతా నింపుతుంది. ఫోన్‌లో యూట్యూబ్ వీడియో 240పీలో పెట్టి ఫుల్ స్క్రీన్ చేస్తే మసకగా కనిపిస్తుంది కదా? సరిగ్గా అదే ఇక్కడ జరిగేది.

మరి మన మానిటర్‌కి ఏ రిజల్యూషన్ సెట్ అవుతుంది? పాతవాటిలో ఎక్కువగా కనిపించేవి ఇవీ. దాదాపు చతురస్రంగా ఉండే 15 అంగుళాల ఎల్‌సీడీ అయితే 1024×768. అదే ఆకారంలో 17, 19 అంగుళాలవైతే 1280×1024. వెడల్పుగా ఉండే 18.5 అంగుళాల మానిటర్ అయితే 1366×768. వెడల్పు 19 అంగుళాలకి 1440×900, 20 అంగుళాలకి 1600×900 ఎక్కువగా ఉంటాయి. 21.5 అంగుళాలంటే 1920×1080. 22 అంగుళాల పాత మానిటర్లలో కొన్ని 1680×1050తో వచ్చాయి. కాబట్టి సైజు చూసి ఊహించడం కన్నా మానిటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబర్‌ని ఫోన్‌లో వెతకడం మేలు. రెండు నిమిషాల పని.

డబ్బా లాంటి పాత సీఆర్‌టీ మానిటర్‌కి ఈ ఫిక్స్‌డ్ లెక్క లేదు. అది 800×600 ఇచ్చినా, 1024×768 ఇచ్చినా బాగానే చూపిస్తుంది. దానికి చూసుకోవాల్సింది రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్‌లో పెడితే స్క్రీన్ రెపరెపలాడుతూ కళ్లు లాగుతాయి, 75 లేదా 85కి మారిస్తే హాయిగా ఉంటుంది. ఎల్‌సీడీకైతే 60 చాలు.

సెట్టింగ్ ఎక్కడుంది?

విండోస్ ఎక్స్‌పీలో డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో సెట్టింగ్స్ ట్యాబ్‌కి వెళ్లాలి. అక్కడ ఒక స్లైడర్ ఉంటుంది. విండోస్ 7లో రైట్ క్లిక్ చేయగానే స్క్రీన్ రిజల్యూషన్ అనే ఆప్షన్ నేరుగా కనిపిస్తుంది. విండోస్ 10లో అయితే రైట్ క్లిక్, డిస్‌ప్లే సెట్టింగ్స్, కొంచెం కిందకి వెళ్తే డిస్‌ప్లే రిజల్యూషన్. లిస్ట్‌లో ఒకదాని పక్కన రికమండెడ్ అని ఉంటే ముందు అదే పెట్టి చూడండి.

మార్చగానే ఈ మార్పు ఉంచాలా వద్దా అని విండోస్ అడుగుతుంది. 15 సెకన్లలోపు మనం ఏమీ నొక్కకపోతే పాత సెట్టింగ్‌కే వెళ్లిపోతుంది. స్క్రీన్ నల్లగా అయిపోతే కంగారుపడి కీబోర్డ్ మీద ఎంటర్ కొట్టొద్దు! చేతులు కట్టుకుని కూర్చుంటే అదే వెనక్కి వస్తుంది. కంగారులో నొక్కిన కీ వల్ల తప్పు సెట్టింగ్ ఖాయమైపోయిన కేసులు బోలెడు.

స్క్రీన్ తలకిందులైందా, పక్కకి తిరిగిందా? పిల్లలు కీబోర్డ్‌తో ఆడుకున్నారన్నమాట. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న చాలా పాత సిస్టమ్‌లలో కంట్రోల్, ఆల్ట్ కీలతో పాటు పై బాణం గుర్తు నొక్కితే నిటారుగా అయిపోతుంది. అలా కాకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే ఓరియంటేషన్ దగ్గర ల్యాండ్‌స్కేప్ పెట్టండి.

లిస్ట్‌లో 800×600, 1024×768 తప్ప ఏమీ లేవా? అయితే డ్రైవర్ లేనట్టే

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ముఖ్యంగా సిస్టమ్ ఫార్మాట్ చేయించి కొత్తగా విండోస్ వేయించిన మర్నాడు ఈ తలనొప్పి మొదలవుతుంది. విండోస్ అయితే ఎక్కించారు, గ్రాఫిక్స్ డ్రైవర్ వేయడం మర్చిపోయారు. డ్రైవర్ లేకపోతే విండోస్ ఏ కంప్యూటర్‌లో అయినా పనిచేసే ఒక సాదా డ్రైవర్‌తో బండి లాగిస్తుంది. బొమ్మ వస్తుంది కానీ, మన మానిటర్‌కి సరిపోయే సైజు లిస్ట్‌లో ఉండకపోవచ్చు. యూట్యూబ్ వీడియో పెడితే ఆగిఆగి నడుస్తుంది. పేజీ కిందకి జరిపితే అలలు అలలుగా కదులుతుంది. ఈ లక్షణాలన్నీ కలిసి ఉంటే డ్రైవర్ సమస్యే అని దాదాపుగా ఫిక్సైపోవచ్చు.

కన్ఫర్మ్ చేసుకోవడం ఈజీ. విండోస్ 10లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్ కనిపిస్తుంది. విండోస్ 7లో కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్‌లోకి వెళ్తే ఎడమవైపు ఉంటుంది. అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎండీ లాంటి పేరుతో పాటు మోడల్ కనిపిస్తే డ్రైవర్ ఉన్నట్టే. అలా కాకుండా స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్ అని విండోస్ 7లో కానీ, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని విండోస్ 10లో కానీ ఉంటే అది ఆ సాదా డ్రైవరే. ఎక్స్‌పీలో అయితే వీడియో కంట్రోలర్ అనే పేరు పక్కన పసుపు గుర్తు కనిపిస్తుంది.

ఇక డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? విండోస్ 10 అయితే ముందు నెట్ కనెక్ట్ చేసి విండోస్ అప్‌డేట్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. అక్కడే ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఉంటే దాంట్లో డ్రైవర్ అప్‌డేట్స్ కూడా చూడండి. నెట్ ఆన్‌లో ఉంచి కాసేపు వదిలేస్తే చాలాసార్లు అదే వెతికి వేసుకుంటుంది. మధ్యలో స్క్రీన్ ఒకసారి నల్లగా అయి వెలుగుతుంది, భయపడక్కర్లేదు.

బ్రాండెడ్ సిస్టమ్ అయితే, అంటే డెల్, హెచ్‌పీ, లెనోవో, ఏసర్ లాంటివైతే, సీపీయూ బాక్స్ మీద మోడల్ పేరో సర్వీస్ ట్యాగో ఉంటుంది. దాన్ని ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో సపోర్ట్ పేజీలో కొడితే డ్రైవర్ల లిస్ట్ వస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే అసెంబుల్డ్ సిస్టమ్‌లకి ఆ సౌకర్యం లేదు. వాటికి మదర్‌బోర్డ్ పేరే ఆధారం. బాక్స్ పక్క మూత తీస్తే బోర్డ్ మీదే పెద్ద అక్షరాల్లో మోడల్ ప్రింట్ అయి ఉంటుంది. ప్లగ్ తీసేసి చూడండి, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే సరి.

మూత తీయడం ఇష్టం లేదా? ఇంకో దారి ఉంది. డివైస్ మేనేజర్‌లో ఆ సాదా అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ సెలెక్ట్ చేయండి. పొడుగ్గా ఒక కోడ్ వస్తుంది. అందులో వీఈఎన్ అనే అక్షరాల తర్వాత 8086 ఉంటే అది ఇంటెల్. 10డీఈ ఉంటే ఎన్‌విడియా. 1002 ఉంటే ఏఎండీ, అంటే పాత ఏటీఐ. ఇంటెల్ తన నంబర్‌గా 8086నే ఎందుకు పెట్టుకుందో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి వెంటనే వెలుగుతుంది. 1978లో వచ్చిన దాని ఫేమస్ ప్రాసెసర్ పేరు అదే మరి!

డౌన్‌లోడ్ చేసేముందు మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా అన్నది చూసుకోండి. కంప్యూటర్ ఐకాన్ ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ దగ్గర ఉంటుంది. ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి ఎక్కదు. ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే ఈ కంప్యూటర్ కనీస అవసరాలకు సరిపోదు అన్న మెసేజ్ వస్తే మీ సిస్టమ్ పనికిరానిదని కాదు, మీరు తెచ్చిన డ్రైవర్ వేరే మోడల్‌ది లేదా వేరే విండోస్‌ది అని అర్థం.

డ్రైవర్ కోసం వెతికితే డబ్బులు పోయాయి!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. గూగుల్‌లో డ్రైవర్ అని కొట్టగానే పైన వచ్చేవాటిలో యాడ్స్ కూడా ఉంటాయి. మీ కంప్యూటర్‌లో బోలెడు డ్రైవర్లు పాతబడ్డాయి, ఒక్క క్లిక్‌తో సరిచేస్తాం అనే అప్డేటర్ సాఫ్ట్‌వేర్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. ఫ్రీ అంటూ స్కాన్ చేస్తాయి, ఆ తర్వాత డబ్బు అడుగుతాయి. కొన్ని అయితే అడగకుండానే అడ్డమైన టూల్‌బార్లన్నీ ఎక్కించేస్తాయి.

అంతకన్నా ప్రమాదం ఫోన్ నంబర్లు. కస్టమర్ కేర్ నంబర్ అని నెట్‌లో కనిపించినదానికి కాల్ చేస్తే అవతలివాళ్లు చాలా మర్యాదగా మాట్లాడతారు. స్క్రీన్ షేర్ చేసే యాప్ ఒకటి వేయమంటారు. కంప్యూటర్‌లో ఏదో చేస్తున్నట్టే కనిపిస్తారు. చివర్లో ఓ పది రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని లింక్ పంపుతారు. మీరు కార్డ్ వివరాలు, ఓటీపీ కొడుతుంటే అవతల వాళ్లకి అంతా కనిపిస్తూనే ఉంటుంది. రిజల్యూషన్ సరిచేయించుకోవడానికి వెళ్లి అకౌంట్ ఖాళీ చేసుకోవడం అంటే ఇదే. ఏ గ్రాఫిక్స్ డ్రైవర్‌కీ ఓటీపీ అవసరం లేదు. ఒకవేళ డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. అది సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

డ్రైవర్ ఉంది, అయినా సరైన సైజు రావట్లేదు.. ఒకసారి కేబుల్ చూడండి

మా నాన్న ఊళ్లో వాడే సిస్టమ్‌కి ఇదే జరిగింది. మానిటర్ 18.5 అంగుళాలది. లిస్ట్‌లో మాత్రం 1366×768 లేదు. పండక్కి వెళ్లినప్పుడు నేను గొప్పగా కూర్చుని మూడు రకాల డ్రైవర్లు మార్చాను. రెండు గంటలు పోయాయి. చివరికి మానిటర్ కదిపి కేబుల్ తీస్తే లోపల ఒక పిన్ వంగి పక్కకి పడుకుని ఉంది. దాన్ని సరిచేసి పెట్టగానే లిస్ట్‌లో 1366×768 వచ్చేసింది. నా డిగ్రీ మీద నాన్నకున్న నమ్మకం ఆ రోజు కొంచెం తగ్గిందనే అనుకుంటున్నా.

ఒక్క పిన్‌కి అంత పవర్ ఏంటంటారా? నీలం రంగు కొన ఉండే ఆ వీజీఏ కేబుల్‌లో మూడు వరుసల్లో 15 పిన్నులకి చోటు ఉంటుంది. 1, 2, 3 నంబర్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని మోస్తాయి. అందుకే ఒక్కోసారి స్క్రీన్ అంతా పసుపు పచ్చగానో గులాబీ రంగులోనో కనిపిస్తుంది. అంటే వాటిలో ఒకటి తగలడం లేదన్నమాట. 13, 14 బొమ్మ అడ్డంగా, నిలువుగా సరిగ్గా నిలబడేలా చూస్తాయి. 12, 15 మాత్రం బొమ్మని మోయవు. నేను ఫలానా మానిటర్‌ని, నాకు ఈ సైజులు సరిపోతాయి అని మానిటర్ తన వివరాలన్నీ కంప్యూటర్‌కి చెప్పుకునేది ఈ రెండింటి ద్వారానే. ఇవి కట్ అయితే బొమ్మ మామూలుగానే వస్తుంది, కానీ అవతల ఉన్నది ఏ మానిటరో కంప్యూటర్‌కి తెలియదు. తెలియనప్పుడు ఎందుకొచ్చిన గొడవ అని అందరికీ పనికొచ్చే నాలుగైదు సైజులే చూపిస్తుంది.

డివైస్ మేనేజర్‌లో మానిటర్స్ దగ్గర జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్ అని ఉంటే అనుమానం కేబుల్ మీదకే వెళ్లాలి. సిస్టమ్, మానిటర్ రెండూ ఆఫ్ చేసి, స్క్రూలు విప్పి, కేబుల్ రెండు చివర్లూ వెలుతురులో చూడండి. ఒక పిన్ అసలు లేకపోతే వెంటనే కంగారుపడొద్దు. 9వ నంబర్ చోటు చాలా కేబుళ్లలో ఖాళీగానే వస్తుంది. పిన్ వంగి ఉంటే చిన్న ట్వీజర్‌తో మెల్లగా నిలబెట్టొచ్చు. బలంగా లాగితే మాత్రం విరుగుతుంది. పక్కింట్లోనో ఆఫీస్‌లోనో ఇంకో కేబుల్ దొరికితే అది పెట్టి చూడటం అన్నిటికన్నా మంచి పరీక్ష. కొత్తది కొన్నా నెల మొబైల్ రీఛార్జ్ కంటే తక్కువకే వస్తుంది.

కేబుల్ బాగానే ఉంది కానీ లిస్ట్‌లో 1366 బదులు 1360×768 మాత్రమే ఉందా? అదే పెట్టేసుకోండి. 1366 అనే సంఖ్య 8తో భాగించబడదు. పాత గ్రాఫిక్స్‌లో కొన్నిటికి అది మింగుడుపడక దగ్గర్లో ఉన్న 1360ని తీసుకుంటాయి. ఆరు చుక్కల తేడా కంటికి పెద్దగా తెలియదు.

సీపీయూ వెనకాల రెండు చోట్ల మానిటర్ పోర్ట్‌లు ఉన్నాయేమో కూడా గమనించండి. ఒకటి మదర్‌బోర్డ్‌ది, ఇంకోటి తర్వాత వేయించిన గ్రాఫిక్స్ కార్డ్‌ది. కార్డ్ ఉన్న సిస్టమ్‌కి కేబుల్ కార్డ్‌కే పెట్టాలి. సిస్టమ్‌ని అటూ ఇటూ జరిపాక బొమ్మ రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే.

అవుట్ ఆఫ్ రేంజ్ అని వచ్చి స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతే..

మానిటర్ తట్టుకోలేని సైజో, రిఫ్రెష్ రేటో పెడితే ఈ మెసేజ్ వస్తుంది. కొన్ని మానిటర్లలో ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్ అని ఉంటుంది. కంప్యూటర్ లోపల మామూలుగానే నడుస్తోంది, మనకే కనిపించట్లేదు. అందుకే ఇది భయపెట్టినంత పెద్ద సమస్య కాదు.

విండోస్ 7లో అయితే రీస్టార్ట్ చేసి, విండోస్ గుర్తు రాకముందే ఎఫ్8 కీని టకటకా నొక్కుతూ ఉండండి. నల్లటి మెనూ వస్తుంది. అందులో లో రిజల్యూషన్ వీడియో అనే లైన్ ఎంచుకుని ఎంటర్ కొడితే 640×480లో విండోస్ తెరుచుకుంటుంది. ఎక్స్‌పీలో అదే మెనూలో వీజీఏ మోడ్ అని ఉంటుంది. లోపలికి వెళ్లాక సరైన రిజల్యూషన్ పెట్టి మళ్లీ రీస్టార్ట్ చేయాలి.

విండోస్ 10లో ఎఫ్8 మామూలుగా పనిచేయదు. లాగిన్ స్క్రీన్ కనిపిస్తుంటే షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అని వరుసగా వెళ్తే అంకెల లిస్ట్ వస్తుంది. అందులో 3 నొక్కాలి. అసలు లాగిన్ స్క్రీన్ కూడా కనిపించకపోతే? విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనకేదో అయిందని గ్రహించి రిపేర్ స్క్రీన్‌ని అదే తెస్తుంది. అక్కడ నుంచి అదే దారి. ఇలా ఆఫ్ చేయడం రోజూ చేసే పని కాదు, వేరే దారి లేనప్పుడే. అంతకన్నా ముందు ఎవరిదైనా వేరే మానిటర్ తెచ్చి పెట్టగలిగితే దాంట్లో బొమ్మ వచ్చేస్తుంది, పని సులువవుతుంది.

ఈ గొడవ ఎక్కువగా ఎవరికి వస్తుందంటే, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మానిటర్ ట్యాబ్‌కి వెళ్లి, ఈ మానిటర్ చూపించలేని మోడ్‌లు దాచు అనే అర్థం వచ్చే లైన్ పక్కన టిక్ తీసేసినవాళ్లకి. ఆ టిక్ అక్కడ ఉన్నది మన మంచికే.

బొమ్మ పక్కకి జరిగింది, అక్షరాలు మసకగా ఉన్నాయి

రిజల్యూషన్ కరెక్టే, కానీ స్క్రీన్ ఎడమవైపు నల్ల పట్టీ, కుడివైపు బొమ్మ తెగిపోయింది. మానిటర్ మీదే ఆటో అనే బటన్ ఉంటుంది. లేకపోతే మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ ఉంటుంది. వీజీఏ కేబుల్ వాడేవాళ్లకి అది ఒక్కసారి నొక్కితే చాలు, రెండు సెకన్లలో సెట్ అయిపోతుంది. నొక్కే ముందు తెల్లటి పేజీ ఏదైనా ఫుల్ స్క్రీన్‌లో పెట్టుకుంటే అంచులు దానికి బాగా దొరుకుతాయి.

ఇంకో మాట. పెద్దవాళ్లు అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్‌ని 800×600కి తగ్గించేస్తుంటారు. అక్షరాలు పెద్దవవుతాయి నిజమే, కానీ అన్నీ మసకబారి కళ్లకి ఇంకా శ్రమ. రిజల్యూషన్‌ని నేటివ్‌లోనే ఉంచి, అక్షరాల సైజు వేరేగా పెంచుకోవాలి. విండోస్ 10లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ అనే చోట 125 శాతం పెట్టండి. విండోస్ 7లో స్క్రీన్ రిజల్యూషన్ విండోలోనే కింద టెక్స్ట్ సైజు మార్చే లింక్ ఉంటుంది, అందులో 125, 150 శాతం ఉంటాయి. తెలుగు చదివేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఒత్తులు, గుణింతాలు మసక స్క్రీన్‌లో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

మానిటర్ బదులు టీవీకి పెడితే?

పాత సీపీయూని హాల్లో ఎల్‌ఈడీ టీవీకి కలిపి వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అప్పుడు స్క్రీన్ నాలుగు అంచులూ తెగిపోయి, టాస్క్‌బార్ సగమే కనిపిస్తుంది. రిజల్యూషన్ ఎంత మార్చినా తగ్గదు. ఎందుకంటే తప్పు కంప్యూటర్‌ది కాదు. టీవీలు పాత ప్రసారాల అలవాటుతో బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు దాచేస్తాయి. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజు ఆప్షన్‌లోకి వెళ్లి స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ అనేది పెడితే అంచులు వచ్చేస్తాయి. పేరు కంపెనీని బట్టి మారుతుంది.

సీపీయూకి వీజీఏ మాత్రమే ఉండి, టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే మామూలు కేబుల్‌తో పని జరగదు. వీజీఏ అనలాగ్, హెచ్‌డీఎంఐ డిజిటల్. మధ్యలో సిగ్నల్‌ని మార్చే కన్వర్టర్ కావాలి. కొనేటప్పుడు వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి అని స్పష్టంగా చెప్పండి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి వెళ్లేది వేరే వస్తువు. చూడటానికి ఒకేలా ఉన్నా తిప్పి పెడితే పనిచేయదు.

ఎంత చేసినా డ్రైవర్ దొరకట్లేదా?

కొన్ని సిస్టమ్‌లకి అసలు డ్రైవరే లేదు. ఉదాహరణకి ఒకప్పుడు ఇంటింటా కనిపించిన జీ31 చిప్‌సెట్ బోర్డ్‌ల గ్రాఫిక్స్‌కి ఇంటెల్ విండోస్ 10 డ్రైవర్ ఇవ్వలేదు. అలాంటి సిస్టమ్‌లో విండోస్ 10 ఎక్కించి రిజల్యూషన్ రాలేదని బాధపడటం వృథా. ఆ బోర్డ్‌తో వచ్చిన సీడీలో విండోస్ 7 డ్రైవర్ ఉండొచ్చు. కానీ విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆపేసింది. క్రోమ్ కూడా 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. టైపింగ్ ప్రాక్టీస్‌కో, పెన్‌డ్రైవ్‌లో సినిమాలు చూడటానికో ఓకే. బ్యాంక్ పనులకి మాత్రం వద్దు. విండోస్ 10కి సైతం 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది.

నన్నడిగితే ఇలాంటి సిస్టమ్‌కి లినక్స్ మింట్ లాంటిది ఒకసారి ట్రై చేయొచ్చు. పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌కి కావాల్సిన డ్రైవర్ లినక్స్ లోపలే కలిసి వస్తుంది, వేరేగా వెతికే పనిలేదు. కాకపోతే 64 బిట్ ప్రాసెసర్, కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి. 4 ఉంటే మంచిది. ముందే విండోస్ తీసేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్కడి నుంచే నడిపి, రిజల్యూషన్ సరిగ్గా వస్తోందో లేదో చూసుకుని, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పరీక్ష కోసమైతే ఆ వెబ్‌సైట్ దాంట్లో తెరుచుకుంటోందా అన్నది కూడా అప్పుడే చూసేయండి. విండోస్ మాత్రమే ఉండాలని కండిషన్ పెట్టే సైట్లు ఉంటాయి. ఇదంతా పరీక్షకి ముందు రోజు రాత్రి కాకుండా, ఓ వారం ముందే పెట్టుకోండి!